తుపాకీ ముందు, బంధం తర్వాత

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్ళే రైల్లో సినిమాల మాటొస్తే, మనవాళ్ళు ముందు తీసేది ఫ్యాక్షన్ కథలే. హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ నటించిన 'సమరసింహారెడ్డి' (1999) లాంటి వాటిలో సూత్రం ఒకటే: బంధం ముందు, ఆయుధం తర్వాత.

త్రివిక్రమ్ 'అతడు' (2005) దాన్ని తిరగేసింది. నందు (మహేష్ బాబు) డబ్బుకి చంపేవాడు, నా అన్నవాళ్ళు లేనివాడు. చేయని హత్య మీద పడి పారిపోతుంటే రైల్లో పార్థు పరిచయమవుతాడు. నందుకి తగలాల్సిన పోలీసు తూటా పార్థు ప్రాణం తీస్తుంది. ఆ పేరుతోనే నందు బాసర్లపూడి చేరతాడు. మనవడొచ్చాడని తాత (నాజర్) పొంగిపోతాడు.

లూక్ బెసాన్ తీసిన 'లియోన్' (1994)లో హంతకుడి పంచన చేరిన పిల్లకి అతని పనేంటో తెలుసు. ఇక్కడ తాతకి తెలీదు. అందుకే నందు ఆ ఇంట్లో తినే ప్రతి ముద్దా చనిపోయినవాడి దగ్గర చేసిన అప్పే. నా వరకు అసలు సస్పెన్స్ ఫైట్లలో లేదు. ఈ ఇంటికి నిజం ఎలా చెప్తాడు? అక్కడ తుపాకీ పనికిరాదు కదా!

నిజం తెలిశాక కూడా తాత అతన్ని కాదనడు. రక్తం కలపనిది, కలిసి తిన్న అన్నం కలిపింది. పగల కథలు విని పెరిగిన మన సీమోళ్ళకి ఈ సంగతి ఇంకాస్త గట్టిగా తగుల్తుంది.