వేటపాలెంలో ఆకు అందం మొక్కలకు హీటరు కాదు, నీడ కావాలి

క్రోటన్, డ్రసీనా, అగ్లోనిమా వంటి అలంకరణ మొక్కలకు చిన్న పాలీహౌస్ వేసి హీటరు కూడా పెట్టాలా అని కొందరు రైతులు అడుగుతున్నారు. మన దగ్గర అవసరం లేదు. రాత్రి ఉష్ణోగ్రత 10-12 డిగ్రీల కంటే తగ్గితే ఈ మొక్కలు దెబ్బతింటాయి. అంత చలి లంబసింగి లాంటి ఏజెన్సీ ఊళ్లలో ఉంటుంది. సముద్రం పక్కనున్న వేటపాలెంలో సంక్రాంతికి కూడా సాధారణంగా అంత తగ్గదు. కడియం నర్సరీల్లోనూ ఇవి షేడ్‌నెట్ కిందే పెరుగుతున్నాయి.

మనకు అసలు ముప్పు ఎండ, ఉప్పుగాలి, ఉప్పునీరు.

• నీడ: 50-75 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ వేయండి. పాలిథిన్ కప్పితే మే నెలలో లోపలి వేడికి ఆకులు మాడిపోతాయి.

• గాలి: సముద్రం వైపు సరుగుడు వరుస నాటండి.

• నీరు: మొక్కలు కొనకముందే బోరు నీటిని పరీక్ష చేయించండి. ఉప్పు ఎక్కువైతే ఆకుల అంచులు ఎండుతాయి.

• మట్టి: ఇసుకలో బాగా కడిగిన కొబ్బరి పొట్టు, చివికిన పశువుల ఎరువు కలపండి.

• చలికాలం: నీరు ఉదయమే పెట్టండి. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే మచ్చతెగులు వస్తుంది. మంచు పడే రాత్రుల్లో పక్క పరదాలు దించి, తెల్లవారాక ఎత్తండి.

హీటరుకు పెట్టే డబ్బు నెట్‌కు, నీటి పరీక్షకు పెట్టండి.