మలిదశలో జట్టు మారిన ఆటగాళ్ళు: ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో ఒక పాత వివాదం

మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం పేరు తెలుగు ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలిసినదే. డిసెంబరు 26న అక్కడ మొదలయ్యే టెస్టు మ్యాచ్ కోసం తెల్లవారుజామునే లేచి టీవీ ముందు కూర్చునే కుటుంబాలు సరిహద్దు గ్రామాలలోనూ ఎన్నో ఉన్నాయి. అయితే మెల్‌బోర్న్ వాసులకు ఆ మైదానం పేరు చెప్పగానే ముందుగా స్ఫురించేది క్రికెట్ కాదు, ఫుట్‌బాల్. అదీ మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అనబడే ఆ దేశపు సొంత ఆట. సాధారణంగా సెప్టెంబరు చివరి శనివారం నాడు జరిగే దాని గ్రాండ్ ఫైనల్‌కు దాదాపు లక్ష మంది జనం వస్తారు.

ఆట స్వరూపం క్లుప్తంగా ఇది. మైదానమూ బంతీ రెండూ కోలగానే ఉంటాయి. ఒక్కో జట్టు తరఫున 18 మంది ఆడతారు. బంతిని తన్నవచ్చును, పిడికిలితో కొట్టి తోటివానికి అందించవచ్చును గాని విసరరాదు. రెండు కొసలలోనూ నాలుగేసి స్తంభాలు పాతి ఉంటాయి. మధ్యనున్న రెండు స్తంభాల నడుమ బంతిని తన్నితే గోల్, దానికి 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే బిహైండ్, దానికి 1 పాయింటు. 1975 గ్రాండ్ ఫైనల్‌లో నార్త్ మెల్‌బోర్న్ జట్టు 19 గోల్స్, 8 బిహైండ్లు సాధించింది. అనగా 122 పాయింట్లు. ప్రత్యర్థి హాథార్న్ జట్టుకు 67 మాత్రమే వచ్చాయి. ఈ వ్యాసానికి ఆ మ్యాచ్‌తో ముఖ్యమైన పని ఉన్నది.

విక్టోరియా రాష్ట్రంలో 1897లో పోటీలు ప్రారంభించిన లీగ్ 1990లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌గా పేరు మార్చుకున్నది. అందులోని పాత క్లబ్బులన్నీ మెల్‌బోర్న్ పేటలకూ, ఆ చుట్టుపక్కల పట్టణాలకూ చెందినవి. కాబట్టి అక్కడ క్లబ్బును ఎవరూ ఎంచుకోరు, పుట్టుకతోనే వస్తుంది. తాత మెడలో వేసుకున్న కండువా రంగే మనవడి మెడలోనూ ఉంటుంది. అటువంటి చోట పది పన్నెండేళ్ళు ఒకే రంగు చొక్కాతో ఆడి పెద్దవాడైన ఆటగాడు చివరి రెండు మూడేళ్ళకు వేరొక రంగు తొడుక్కుంటే అభిమానులకు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చును. "డబ్బుకు అమ్ముడుపోయాడు" అనే మాట వెంటనే వినబడుతుంది. అందులో నిజమెంత అన్నది తేల్చుకోవాలంటే, ఆటగాని మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు ఆ లీగ్ కాలక్రమంలో ఇచ్చిన జవాబులను చూడాలి.

తొలి జవాబు చాలా కఠినమైనది. ఆటగాడు ఏ పేటలో నివసిస్తే ఆ పేట క్లబ్బుకే ఆడాలి. క్లబ్బులకు ఊళ్ళు, వీధులు హద్దులు పెట్టి పంచి ఇచ్చారు. మరో క్లబ్బుకు పోవాలంటే పాత క్లబ్బు క్లియరెన్స్ పత్రం ఇవ్వాలి. బడి మారే పిల్లవానికి పాత బడి ఇచ్చే టి.సి. వంటిది ఇది. ఒక తేడా మాత్రం ఉన్నది. టి.సి. ఇవ్వను పొమ్మని ఏ ప్రధానోపాధ్యాయుడూ పిల్లవానిని ఏళ్ళ తరబడి కూర్చోబెట్టడు. క్లబ్బులు అలా కూర్చోబెట్టగలిగేవి. పైగా ఆనాటి ఆటగాళ్ళలో అత్యధికులు పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు సాధన చేసినవారే. ఆట వలన వచ్చేది స్వల్పమే అయినా, కట్టుబాటు మాత్రం సంపూర్ణమైనది.

1972లో లీగ్ ఒక చిన్న తలుపు తెరచింది. ఒకే క్లబ్బుకు పదేళ్ళు సేవ చేసిన ఆటగాడు క్లియరెన్స్ లేకుండానే ఇష్టమైన క్లబ్బుకు వెళ్ళవచ్చునన్నది. ఈ నియమం ఉద్దేశం మంచిదే. జీవితంలో సగం ఆట ఒకరికి ధారపోసిన మనిషికి చివర్లో నాలుగు రూకలు కళ్ళజూసే అవకాశం ఉండాలన్నది దాని సారం. అయితే ఆ తలుపులోంచి ఎవరు ఎటు పోతారో లీగ్ పెద్దలు సరిగా ఊహించినట్లు లేదు.

నార్త్ మెల్‌బోర్న్ 1925లో లీగ్‌లో చేరినది మొదలు ఒక్క ప్రీమియర్‌షిప్ కూడా గెలవని క్లబ్బు. 1972 సీజన్ మొత్తం మీద ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ క్లబ్బు పెద్దలు కొత్త నియమాన్ని అందరికంటే ముందుగా అర్థం చేసుకున్నారు. ఎసెండన్ నుంచి బ్యారీ డేవిస్‌ను, జీలాంగ్ నుంచి డగ్ వేడ్‌ను, సౌత్ మెల్‌బోర్న్ నుంచి జాన్ రాంటాల్‌ను తెచ్చుకున్నారు. ముగ్గురూ తమ క్లబ్బులలో పదేళ్ళు నిండినవారే. కోచ్‌గా రాన్ బరాసీని నియమించారు. బరాసీకి కూడా ఈ మార్పు కొత్తది కాదు. మెల్‌బోర్న్ క్లబ్బు తరఫున ఆరు ప్రీమియర్‌షిప్‌లు గెలిచి, 1965లో కార్ల్టన్‌కు కెప్టెన్‌గానూ కోచ్‌గానూ తరలిపోయి నగరాన్నంతా దిగ్భ్రాంతికి గురిచేసిన మనిషి అతడు.

మిగిలిన క్లబ్బులు గగ్గోలు పెట్టాయి. ఏడాది తిరగకముందే, 1973లోనే, ఆ పదేళ్ళ నియమం రద్దయింది. కాని వెళ్ళినవారు వెళ్ళిపోయారు. డేవిస్ కొత్త జట్టుకు కెప్టెన్ అయ్యాడు. వేడ్ 1974లో 103 గోల్స్ సాధించాడు. ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్ వరకు వచ్చి రిచ్‌మండ్ చేతిలో ఓడిన జట్టు, మరుసటి ఏడాది పైన చెప్పిన 122–67 స్కోరుతో యాభై ఏళ్ళ నిరీక్షణకు తెరదించింది. డేవిస్‌కు, వేడ్‌కు అదే చివరి మ్యాచ్. రాంటాల్ మాత్రం 1976లో తిరిగి సౌత్ మెల్‌బోర్న్ గూటికే చేరుకున్నాడు.

ఈ ఉదంతంలో గమనించవలసినది గోల్స్ సంఖ్య ఒక్కటే కాదు. డేవిస్ ఎసెండన్ తరఫున 1962, 1965లలోనూ, వేడ్ జీలాంగ్ తరఫున 1963లోనూ ప్రీమియర్‌షిప్ గెలిచి ఉన్నారు. గ్రాండ్ ఫైనల్ రోజున అంత జనం ముందు అడుగు తడబడకుండా ఎలా నిలబడాలో వారికి తెలుసు. నార్త్ మెల్‌బోర్న్ చరిత్రలో అది ఎరిగినవారే లేరు. ఆ క్లబ్బు కొన్నది ముప్పై దాటుతున్న కాళ్ళను కాదు. తన ఇంట్లో లేని అనుభవాన్ని కొనుక్కున్నది.

తలుపు మూసినంత మాత్రాన ప్రశ్న ఆగలేదు. 1982లో సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బు ఉన్నపళంగా సిడ్నీకి తరలిపోయింది. సిల్వియో ఫోస్కీనీ అనే యువ ఆటగాడు తాను మెల్‌బోర్న్‌లోనే ఉండి సెయింట్ కిల్డాకు ఆడతానన్నాడు. క్లియరెన్స్ దొరకలేదు. 1983లో విక్టోరియా సుప్రీంకోర్టు ఆ కట్టుబాట్లు మనిషి వృత్తి స్వేచ్ఛకు అన్యాయమైన ఆటంకమని అతని పక్షాన తీర్పు చెప్పింది. అతడు పెద్దవయసు ఆటగాడు కాకపోయినా పెద్దవారందరికీ ఆ తీర్పు పనికివచ్చింది. పాత హద్దుల పద్ధతి చట్టం ముందు నిలవదని తేలిన మీదట, లీగ్ జీతాల పరిమితిని, 1986లో డ్రాఫ్ట్‌ను ప్రవేశపెట్టింది. ప్రతి క్లబ్బూ ఆటగాళ్ళందరికీ కలిపి ఇంత మొత్తానికి మించి ఇవ్వరాదన్నది మొదటిది. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్బు కొత్త కుర్రవాళ్ళలో తొలి ఎంపిక చేసుకోవాలన్నది రెండవది. మన ఐ.పి.ఎల్. వేలంలో ఎక్కువ పాడినవానికి ఆటగాడు దక్కుతాడు. ఇక్కడ వరుస క్రమంలో దక్కుతాడు. ఆ వరుసలోని స్థానాలనే సీజన్ ముగిశాక క్లబ్బులు ఆటగాళ్ళకు బదులుగా ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఇక పదేళ్ళ నియమం వంటిది తిరిగి రావడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. 2012 చివర్లో ఫ్రీ ఏజెన్సీ పేరుతో వచ్చిన పద్ధతి ప్రకారం, ఒకే క్లబ్బులో ఎనిమిదేళ్ళు నిండిన ఆటగాడు ఒప్పందం ముగిశాక వేరొక క్లబ్బుకు వెళ్ళవచ్చును. అతడు క్లబ్బులో అత్యధిక జీతం పొందే నాలుగో వంతు మందిలో ఒకడైతే, పాత క్లబ్బు అంతే జీతం ఇస్తానని ఆపే ప్రయత్నం చేయవచ్చును. ఆటగాణ్ణి కోల్పోయిన క్లబ్బుకు లీగ్ డ్రాఫ్ట్‌లో అదనపు స్థానం పరిహారంగా ఇవ్వవచ్చును. 1972 నాటి తొందరపాటు ఇందులో లేదు. ఇరుపక్షాలకూ కొంత ఊరట ఉన్నది.

అయితే జట్టు మార్పును ఎప్పుడూ ఆటగాడే కోరుకుంటాడనుకోవడం పొరపాటు. ఇందుకు హాథార్న్ కథ చూడాలి. 2013, 2014, 2015 సంవత్సరాలలో వరుసగా మూడు ప్రీమియర్‌షిప్‌లు గెలిచిన జట్టు అది. 2016లో తడబడింది. ఆ ఏడాది కూడా క్లబ్బు ఉత్తమ ఆటగాడి పతకం శామ్ మిచెల్‌కే దక్కింది. అది అతనికి అయిదవది. పతకం అందిన కొద్ది రోజులకే 34 ఏళ్ళ మిచెల్ పెర్త్ నగరంలోని వెస్ట్ కోస్ట్ ఈగిల్స్‌కు, జోర్డాన్ లూయిస్ మెల్‌బోర్న్ క్లబ్బుకు తరలిపోయారు. పతకం చేతిలో ఉండగానే మూట కట్టుకోవలసి రావడం అభిమానులకు ఎంతమాత్రం మింగుడుపడలేదు. కోచ్ అలస్టెయిర్ క్లార్క్‌సన్ లెక్క వేరు. ముసలి జట్టును ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోవాలి, అందుకు జీతాల పరిమితిలో చోటు కావాలి. ఆ చోటులోకే టామ్ మిచెల్, జేగర్ ఓమీరా వచ్చారు. 2017లో జట్టు పన్నెండో స్థానానికి జారినా, 2018లో టామ్ మిచెల్ లీగ్ మొత్తంలో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచాడు. క్లబ్బు లెక్క పూర్తిగా తప్పలేదు. కాని ఆ లెక్కలో మనిషి మనసుకు గడి లేదన్న అభిమానుల బాధ కూడా తప్పు కాదు.

ఆ జట్టు పెద్ద లూక్ హాడ్జ్ వెళ్ళిన తీరు ఇంకా విచిత్రం. 2001 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక అతడు. నాలుగు ప్రీమియర్‌షిప్‌లు గెలిచాడు. 305 మ్యాచ్‌ల తరువాత 2017లో వీడ్కోలు ప్రకటించాడు. కన్నీళ్ళు, పూలదండల వంటి ముచ్చట్లన్నీ అయిపోయాక బ్రిస్బేన్ లయన్స్ జట్టులో చేరాడు. ఆ జట్టు కోచ్ క్రిస్ ఫేగన్ అంతకుముందు హాథార్న్‌లో పనిచేసినవాడే కాబట్టి హాడ్జ్ ఏమిటో అతనికి బాగా తెలుసు. బ్రిస్బేన్ నిండా కుర్రవాళ్ళు. ఓటమికి అలవాటు పడినవాళ్ళు. 33 ఏళ్ళ హాడ్జ్‌ను వాళ్ళ వెనుక వరుసలో నిలబెట్టారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరిని వదలి ఎవరిని కాయాలి అని మ్యాచ్ నడుస్తుండగానే కేకవేసి చెప్పడం అతని ముఖ్యమైన పని. గట్టు మీది కోచ్ మాట చేరడానికి సమయం పడుతుంది. పక్కనే పరుగెత్తేవాని మాట అప్పటికప్పుడు చేరుతుంది.

2018లో బ్రిస్బేన్ అయిదు మ్యాచ్‌లు గెలిచి పదిహేనవ స్థానంలో నిలిచింది. 2019లో పదహారు గెలిచి రెండవ స్థానానికి ఎగబాకింది. దీనంతటికీ ఒక్కడే కారణమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. 2019 సెమీఫైనల్‌లో 3 పాయింట్ల తేడాతో ఓడిన మ్యాచ్ హాడ్జ్‌కు ఆఖరిది. అతని పక్కన రక్షణ వరుసలో ఆడిన కుర్రవాళ్ళలో హ్యారిస్ ఆండ్రూస్ ఒకడు. 2024లోనూ, 2025లోనూ బ్రిస్బేన్ ప్రీమియర్‌షిప్ గెలిచినప్పుడు ఆ జట్టు కెప్టెన్లలో అతడూ ఉన్నాడు.

మిచెల్ కథ కూడా పెర్త్‌లో ముగియలేదు. ఒక్క సీజన్ ఆడి, వెస్ట్ కోస్ట్‌లోనే సహాయ కోచ్ అయ్యాడు. 2018లో ఆ క్లబ్బు ప్రీమియర్‌షిప్ గెలిచింది. మరుసటి ఏడాది హాథార్న్ అతణ్ణి వెనక్కు పిలిపించుకున్నది. 2022 సీజన్ నుంచి ప్రధాన కోచ్ పదవిని అప్పగించింది. పంపించిన ఇంటికే యజమానిగా రావడం అంటే ఇదే కాబోలు.

అన్ని మార్పులూ ఇలా ఫలించవు. హాథార్న్ ఒకనాటి మహావీరుడు డెర్మాట్ బ్రెరెటన్ గాయాలతో 1994లో సిడ్నీకి, 1995లో కాలింగ్‌వుడ్‌కు వెళ్ళినా పాత ఆట తిరిగి రాలేదు. జీలాంగ్ ముద్దుబిడ్డ గ్యారీ అబ్లెట్ 2011లో కొత్తగా పుట్టిన గోల్డ్ కోస్ట్ జట్టుకు కెప్టెన్‌గా వెళ్ళి, 2013లో రెండవసారి బ్రౌన్‌లో పతకం గెలిచాడు. కాని ఆ జట్టు అతని హయాంలో ఒక్కసారైనా ఫైనల్స్ దశకు చేరలేదు. 2018లో జీలాంగ్‌కు తిరిగి వచ్చాడు. 2020 గ్రాండ్ ఫైనల్‌లో భుజం గాయంతోనే ఆడి, ఓడి, ఆట ముగించాడు. అదే జీలాంగ్‌కు 2020 చివర్లో హాథార్న్ నుంచి వచ్చిన ఐజాక్ స్మిత్ 2022 గ్రాండ్ ఫైనల్‌లో మూడు గోల్స్ సాధించి, ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకాన్ని 33 ఏళ్ళ వయసులో అందుకున్నాడు. అంత పెద్ద వయసులో ఆ పతకం అందుకున్నవారు అంతకుముందు లేరు.

వెళ్ళనివారి మాట కూడా చెప్పుకోవాలి. 2016 ఆగస్టులో నార్త్ మెల్‌బోర్న్ తన నలుగురు సీనియర్లకు కొత్త ఒప్పందాలు ఉండవని ఒకేసారి తెలియజేసింది. వారిలో బ్రెంట్ హార్వే ఒకడు. కొద్ది వారాల క్రితమే మైకేల్ టక్ పేరిట ఉన్న 426 మ్యాచ్‌ల రికార్డును దాటినవాడు. వయసు 38. ఇంకా ఆడగలననే అన్నాడు. మరొకడు డ్రూ పెట్రీ, 316 మ్యాచ్‌లు ఆడినవాడు. పెట్రీ 2,700 కిలోమీటర్ల దూరంలోని పెర్త్‌కు వెళ్ళి, నీలం, బంగారు రంగుల చొక్కా తొడుక్కుని, 2017లో మరో 16 మ్యాచ్‌లు ఆడి విశ్రమించాడు. హార్వే ఎక్కడికీ వెళ్ళలేదు. 432 మ్యాచ్‌లూ ఒకే క్లబ్బు పేరిట రాసి ఉన్నాయి.