సముద్రం దాటిన సంతకం

సూరత్ నగరానికి దూరదేశాలతో వ్యవహారం కొత్తది కాదు. తపతీ నదీ తీరాన వెలసిన ఈ రేవులో, జహంగీరు చక్రవర్తి అనుమతితో 1613లో ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ తన వర్తక స్థావరాన్ని నెలకొల్పింది. ఓడ ఒకసారి రేవు విడిచిందంటే తిరిగి రావడానికి నెలలు పట్టే రోజులవి. వర్తకుడు ఒకచోట, సరుకు వేరొకచోట, రావలసిన బాకీ ఇంకొకచోట. అందువల్ల తనకు బదులు మాట్లాడి, తనకు బదులు సంతకం చేయగల మనిషి లేనిదే వ్యాపారం సాగేది కాదు.

ఆంగ్లేయులకు దళారిగా పనిచేసిన సూరత్ పారశీక వర్తకుడు రుస్తుం మానెక్ 1721లో మరణించాడు. కంపెనీ నుంచి రావలసిన సొమ్ముపై అతని కుమారులకు తగాదా వచ్చింది. అది ఇక్కడ తేలలేదు. చివరకు కుమారులలో ఒకడైన నౌరోజీ స్వయంగా ఓడ ఎక్కి లండను వెళ్ళాడు. అక్కడి మధ్యవర్తులు అన్నదమ్ములకు అనుకూలంగా తీర్పు చెప్పారు. ఇంగ్లండులో అడుగుపెట్టిన మొదటి పారశీకుడు అతడేనని చెబుతారు.

నేడు ప్రయాణం దిశ మారింది. ఆస్తి ఇక్కడ ఉంటుంది, యజమాని అక్కడ ఉంటాడు. సూరత్, రాందేర్, బార్డోలీ ప్రాంతాల నుంచి బర్మాకు, దక్షిణాఫ్రికాకు, బ్రిటనుకు, అమెరికాకు వలస వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. అదే సూరత్‌లో ఉధనా, లింబాయత్ పేటల మరమగ్గాల వద్ద తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివారు స్థిరపడ్డారు. వారు విడిచి వచ్చిన జిల్లాల నుంచే మరికొందరు గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. వీరందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య ఒకటే: ఇల్లు అమ్మాలి, పొలం పంచుకోవాలి, కోర్టుకు హాజరు కావాలి. కాని రావడానికి సెలవు లేదు.

అప్పుడు అక్కరకు వచ్చేదే పవర్ ఆఫ్ అటార్నీ. గుజరాతీలు దీనిని కుల్‌ముఖత్యార్‌నామా అంటారు. ‘కుల్’ అంటే సమస్తమూ అని అర్థం. ప్రమాదమంతా ఆ మాటలోనే ఉంది. సమస్త అధికారాలూ ఇవ్వాలనే నియమం ఎక్కడా లేదు. ఒక్క ఇంటికి, ఒక్క పనికి, ఒక్క సంవత్సరానికి పరిమితం చేసి కూడా అధికారం ఇవ్వవచ్చు. అధికార పత్రాల చట్టం 1882 నాటిది. ప్రతినిధికీ యజమానికీ గల సంబంధాన్ని నిర్ణయించేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. పత్రంలో స్పష్టంగా వ్రాయని అధికారాన్ని న్యాయస్థానాలు సామాన్యంగా ఊహించి ఇవ్వవు. అద్దె వసూలు చేసుకొమ్మని వ్రాస్తే, అమ్ముకొమ్మని వ్రాసినట్లు కాదు.

విదేశంలో ఉన్నవారు ఈ పత్రంపై ఎవరి ఎదుట సంతకం చేయాలి? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నోటరీ, న్యాయమూర్తి, మేజిస్ట్రేటు, భారత కాన్సలు వంటి అధికారుల ఎదుట చేయవచ్చు. అక్కడి నోటరీ ముద్ర నిజమైనదేనని ఇక్కడి వారికి తెలియడానికి అపోస్టిల్ అనే ధ్రువపత్రం ఉపయోగపడుతుంది. 1961 నాటి హేగ్ ఒప్పందంతో ఏర్పడిన ఈ పద్ధతి భారతదేశంలో 2005 జూలై 14న అమలులోకి వచ్చింది. ఒప్పందంలో చేరని దేశాలలో ఉన్నవారికి భారత రాయబార కార్యాలయమే సులభమైన దారి.

పత్రం సూరత్ చేరడంతో పని ముగియదు. విదేశంలో వ్రాసిన పత్రం మన దేశంలోకి వచ్చిన మూడు నెలలలోగా దానికి స్టాంపు సుంకం చెల్లించాలి. పత్రం వచ్చిన కవరును పారవేయక దాచుకుంటే, చేరిన తేదీకి అది సాక్ష్యంగా నిలుస్తుంది. ఈ గడువు సంగతి తెలియక, తీరా రిజిస్ట్రారు ఎదుట నిలబడినప్పుడు చిక్కుల్లో పడేవారు ఉంటారు.

కొనేవారు గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఈ పత్రాన్ని చేతిలో పెట్టి, సొమ్ము పుచ్చుకొని, ఆస్తి అమ్మినట్లే భావించే అలవాటు దేశంలో చాలాకాలం సాగింది. దానివల్ల యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. రిజిస్టరు చేసిన విక్రయ దస్తావేజు ఉండి తీరాలి. అయితే భార్యకో, కొడుకుకో, తోబుట్టువుకో నిజాయితీగా ఇచ్చే అధికారానికి ఈ తీర్పు అడ్డు రాదని కూడా న్యాయస్థానం చెప్పింది.

ఈ పత్రానికి హద్దులు ఉన్నాయి. యజమాని బదులు ప్రతినిధి వీలునామా వ్రాయలేడు. యజమానికి మాత్రమే స్వయంగా తెలిసిన విషయాలపై అతని బదులు కోర్టులో సాక్ష్యం చెప్పలేడు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇచ్చినవారు మరణిస్తే సాధారణంగా అధికారమూ అంతటితో ముగుస్తుంది. వృద్ధులైన తల్లిదండ్రులు విదేశంలో ఉండి ఇచ్చిన పత్రాన్ని నమ్ముకొని సంవత్సరాల తరబడి పని వాయిదా వేయడం అందుకే మంచిది కాదు.

ఇచ్చిన అధికారాన్ని సాధారణంగా ఎప్పుడైనా తిరిగి తీసుకోవచ్చు. కాని రద్దు చేసినట్లు మనసులో అనుకుంటే చాలదు. ప్రతినిధికి తెలియాలి, అతనితో వ్యవహరించే ఇతరులకూ తెలియాలి. తెలియనంతవరకు ఆ సంతకం యజమానిని కట్టివేస్తుంది. కనుక రద్దు పత్రం ప్రతులు ప్రతినిధికి, బ్యాంకుకు, రిజిస్ట్రారు కార్యాలయానికి పంపి, అందినట్లు రసీదులు తీసుకోవాలి. ఇంటి తాళం ఎవరి చేతికిస్తున్నామో పదిసార్లు ఆలోచించే మనిషి, ఇంటినే అప్పగించే కాగితం మీద సంతకం చేసే ముందు అందులోని ప్రతి పంక్తినీ ఒకసారి చదువుకోవడం అవసరం.