వార్తల్లో పదం: సీఎస్ఏ

విత్తనం పడకముందే పంటలో వాటా కొనుక్కోవడం! అమెరికాలో ఎన్నో చిన్న సేంద్రియ క్షేత్రాలను నిలబెడుతున్న ఈ పద్ధతి పేరు కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్, క్లుప్తంగా సీఎస్ఏ. చలికాలం చివర్లోనే వినియోగదారులు సీజను మొత్తానికి డబ్బు కట్టేస్తారు. విత్తనాలకూ కూలీలకూ పెట్టుబడి కావాల్సిన వేళకే రైతు చేతిలో సొమ్ము పడుతుంది. అప్పు కోసం తిరిగే బాధ తగ్గుతుంది.

ఆ తర్వాత వారం వారం కూరగాయల పెట్టె. అందులో ఏముండాలో తేల్చేది కాలమే. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో జూన్‌లో పాలకూర, ముల్లంగి, పచ్చి బఠాణీ వస్తాయి. ఆగస్టులో టమాటా, మొక్కజొన్న. అక్టోబరుకల్లా గుమ్మడి, బీట్‌రూట్. వడగళ్లకు టమాటా తోట పోయిందా, ఆ వారం పెట్టె తేలికవుతుంది. సాధారణంగా డబ్బు వాపసు రాదు. రైతు నష్టాన్ని తినేవాళ్లూ పంచుకోవడమే ఈ పద్ధతికి ప్రాణం. అందుకే ఇది ఉత్త హోం డెలివరీ కాదు.

జపాన్‌లో 1970లలోనే ‘తేకేయ్’ పేరుతో ఇలాంటి ఒప్పందాలు నడిచాయి. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూహాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్ దారి వేశాయి.

మొత్తం ఒకేసారి కట్టడం పేదలకు భారమే. కొన్ని క్షేత్రాలు వాయిదాలకు ఒప్పుకుంటున్నాయి, ఇంకొన్ని పొలం పనికి బదులుగా వాటా ఇస్తున్నాయి. ఈ వెసులుబాటు అన్నిచోట్లా రావాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు సీఎస్ఏలో చేరదలిస్తే ఫిబ్రవరి, మార్చిల్లోనే అడగండి. వేసవిదాకా ఆగితే వాటాలు మిగలకపోవచ్చు.