బెట్టా చేప డల్‌గా అడుగునే పడి ఉంటోందా? మందు కాదు.. ముందు నీళ్లు చూడండి!

రంగురంగుల రెక్కలతో చలాకీగా తిరిగే బెట్టా చేప ఉన్నట్టుండి గిన్నె అడుగున కదలకుండా ఉండిపోతుంది. మేత వేసినా పైకి రాదు. రోగమేదో వచ్చిందని చాలామంది మందుల కోసం షాపుకు పరుగెడతారు. కానీ ఎక్కువసార్లు అసలు సమస్య నీళ్లలోనే ఉంటుంది.

బెట్టా సొంతగడ్డ థాయ్‌లాండ్. 2019లో ఆ దేశం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. అక్కడి వరి మళ్లు, మడుగుల్లో పెరిగే ఈ చేపకు 25 నుంచి 28 డిగ్రీల వెచ్చని నీళ్లు కావాలి. డిసెంబర్, జనవరి నెలల్లో హైదరాబాద్ చలికి చిన్న గిన్నెలో నీళ్లు ఇట్టే చల్లబడతాయి. నీళ్ల వేడిని బట్టే చేప ఒంటి వేడి ఉంటుంది కాబట్టి అదీ మందగిస్తుంది. చిన్న హీటర్ పెట్టి నెమ్మదిగా వేడి పెంచాలి. వేడినీళ్లు ఒక్కసారిగా పోయొద్దు.

రెండో కారణం అమ్మోనియా. మిగిలిపోయిన మేత, చేప మలం నుంచి ఇది పుడుతుంది. నీళ్లు తేటగా కనిపించినా ఉండొచ్చు. టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. లేదంటే నాలుగో వంతు నీళ్లు మార్చాలి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది.. యాంటీ క్లోరిన్ కలిపాకే పోయాలి.

బెట్టా పైకొచ్చి గాలి కూడా పీలుస్తుంది. నీరసంగా ఉంటే హీటర్ మునిగే వరకే నీళ్లు ఉంచితే దానికి శ్రమ తగ్గుతుంది. రాత్రిళ్లు కదలకుండా పడుకోవడం మామూలే. పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకుంటే మాత్రం ఆలస్యం చేయకుండా చేపల వైద్యం తెలిసిన డాక్టర్‌ను అడగాలి.