సోకూ కావాలి, వేళ్లు కొంకర్లూ పోకూడదు

పరిగి వైపు గ్లౌజుల గురించి ఆలోచించేవాళ్లు రెండు రకాలు. పుష్యమాసం తెల్లవారుజామున బండి మీద హిందూపురం పోయేవాళ్లు ఒకరు. చదువుకోసం షికాగోకో టొరంటోకో విమానమెక్కే పిల్లలు ఇంకొకరు. మొదటివాళ్లది కాసేపటి బాధ. గాలి దూరకుండా, బ్రేకు పట్టు జారకుండా ఉంటే చాలు, రోడ్డు పక్క దొరికే రెగ్జిన్ జతతో పని జరిగిపోతుంది.

రెండోవాళ్ల సంగతే ఓపిగ్గా చూడాలి. మనకు దగ్గరి పెద్ద ఊరు బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి పెద్ద చలి 7.8 డిగ్రీలు, అదీ 1884లో. షికాగోలో 2019 జనవరి 30న మైనస్ 30 కూడా దాటింది. ‘అక్కడ చలంట నాయనా, రెండు జతలు పెట్టుకో’ అని అమ్మ పెట్టెలో కుక్కే అల్లిక గ్లౌజులు అక్కడి గాలి ముందు నిలవవు. అల్లిక సందుల్లోంచి ఈదురుగాలి నేరుగా చర్మాన్ని తాకుతుంది.

అసలు ముందుగా వేళ్లే ఎందుకు మొద్దుబారతాయి? చలి తగలగానే ఒళ్లు తన వేడిని గుండె, ఊపిరితిత్తుల దగ్గర దాచుకోవాలని చూస్తుంది. చేతుల్లో రక్తనాళాలు ముడుచుకుంటాయి. కాబట్టి పల్చటి జాకెట్టు వేసుకుని చేతికి మాత్రం ఖరీదైన తోలు తొడిగితే డబ్బు దండగ. మంచి కోటు తర్వాతే గ్లౌజు.

చలిదేశాల్లో తెలిసినవాళ్లు పొరలుగా తొడుగుతారు. చర్మాన్ని అంటి ఉండే పొరకు పల్చటి పట్టు బాగుంటుంది. మందం ఉండదు, గీరదు. పట్టంటే మనకు కొత్తా? మల్బరీ తోటలు మన చుట్టూనే, గూళ్ల మార్కెట్టు హిందూపురంలోనే. ఒక మంచి గూడు విప్పితే దాదాపు కిలోమీటరు దారం వస్తుంది. వేడినీళ్ల తొట్టెల్లో చేతులు పెట్టి ఆ దారం కొస పట్టే ఆడవాళ్ల వేళ్లు ఎంత నానిపోతాయో ఈ ప్రాంతంవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ దారం మగ్గమెక్కి ధర్మవరం చీరవుతుంది. చీరలతోపాటు నాలుగు జతల లోగ్లౌజుల మీద కూడా మనవాళ్లు ఓ చూపు వేస్తే బాగుండనిపిస్తుంది.

నడుమ పొరకు ఉన్ని. తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకున్నా ఉన్ని తడిగా అనిపించదు. నూలు అలా కాదు, చెమట పట్టిందంటే ఐసుముక్కే. మన కురుబలు నేసే కంబళి ఉన్ని భుజానికి దివ్యంగా ఉంటుంది కానీ, ఆ గరుకు వేళ్లకు పనికిరాదు. సన్నపోగు మెరీనో ఉన్ని వెతుక్కోండి.

సోకంతా పైపొరలో ఉంది. ఆఫీసుకు, మెట్రోకు తోలు. నలుపు దేని మీదికైనా నప్పుతుంది. ముదురు గోధుమరంగుకి బూట్లూ బెల్టూ అదే రంగువైతేనే అందం. అయితే తోలుతో మంచు ఎత్తిపోయకండి, నానితే పాడవుతుంది. ఆ పనికి నీరు దిగని నైలాన్ జత వేరే ఉండాలి. బస్టాపులో పావుగంట నిలబడాల్సినవాళ్లు మాత్రం మిట్టెన్లు కొనుక్కోవాలి. అందులో బొటనవేలు విడిగా, తక్కిన నాలుగూ ఒకే సంచిలో ఉండి ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయి. చిన్నపిల్లల తొడుగుల్లా ఉంటాయని కుర్రాళ్లు మొహం తిప్పుకుంటారు. మైనస్ 20లో మన చేతి అందం చూసే తీరిక ఎవరికుంది?

చాలామంది దెబ్బతినేది సైజు దగ్గర. గ్రెనోబుల్‌కు చెందిన జువాన్ అనే ఫ్రెంచి గ్లౌజుల తయారీదారు 1830లలో చేతుల కొలతలకు పద్ధతి ఏర్పరిచాడు. ఇప్పుడైతే టేపుతో, బొటనవేలు వదిలేసి, అరచేతి వెడల్పైన చోట చుట్టుకొలత తీయండి. ఎన్ని అంగుళాలొస్తే దాదాపు అదే సైజు. బిగుతుగా ఉంటే చేతికి నాజూకుగానే కనిపిస్తుంది, కానీ లోపల వెచ్చటి గాలికి చోటుండదు, రక్తమూ సరిగా ఆడదు. లోగ్లౌజు తొడుక్కునే పైది కొలిచి చూడండి. ఫోను వాడాలంటే చూపుడువేలి కొసన విద్యుత్తు ప్రవహించే దారం ఉన్నదే తీసుకోండి, లేకపోతే క్యాబ్ బుక్ చేసిన ప్రతిసారీ గ్లౌజు విప్పాలి.

కొన్నవాటిని లగేజీలో వేసే పెద్ద సూట్‌కేసులో మాత్రం సర్దకండి, చేతిసంచిలో పెట్టుకోండి. పెట్టె రావడం ఆలస్యమైనా విమానాశ్రయం బయట చలి ఆగదు.