కటకట ఒకచోట... కారణం మరోచోట!
పాత కారు సస్పెన్షన్ శబ్దాన్ని పట్టుకునే తీరు

విజయవాడ: చక్రం గుంతలో దిగితే చాలు, ముందు భాగంలో ‘కటకట’మంటుంది. నున్నని రహదారిపై అలికిడే ఉండదు. తీరా షెడ్డుకు తీసుకువెళితే ఎంత ఊపినా వినిపించదు. పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన కార్ల యజమానులకు ఇది కొత్త అనుభవం కాదు. శబ్దం ఎక్కడిదో తేలక ఒకదాని తర్వాత ఒకటిగా విడిభాగాలు మార్పిస్తూ వేల రూపాయలు వదిలించుకుంటున్న వారు ఎందరో! డబ్బు సంగతి అలా ఉంచినా, అది అరిగిపోయిన బాల్ జాయింట్ చప్పుడైతే మాత్రం ప్రాణం మీదికి వచ్చే వ్యవహారమే.

1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో ఉత్పత్తి నిలిచిపోయిన మారుతి 800ను ఉదాహరణగా తీసుకుంటే విషయం సులువుగా బోధపడుతుంది. దాని ముందు చక్రాలకు ఉన్నది మాక్‌ఫర్సన్ స్ట్రట్ అమరిక. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ 1940వ దశకంలో దీనికి రూపమిచ్చారు. కాయిల్ స్ప్రింగ్, షాకబ్జార్బర్ ఒకే నిలువు స్తంభంగా ఉంటాయి. దాని పైకొస బానెట్ కింద బాడీకి బిగించి ఉంటుంది. కింద లోయర్ ఆర్మ్ చక్రాన్ని పట్టుకుంటుంది. ఆర్మ్‌కు ఒక చివర రబ్బరు బుష్, మరో చివర బాల్ జాయింట్. ఈ కారులో ఇంకో విశేషం ఉంది. స్టెబిలైజర్ బార్‌కు విడిగా లింక్ రాడ్లు లేవు. బార్ కొసలే బుష్‌లతో నేరుగా లోయర్ ఆర్మ్‌లకు బిగిస్తారు. చక్రం ముందుకూ వెనక్కూ కదలకుండా ఆపే బాధ్యత కూడా ఆ బార్‌దే. కనుకనే ఆ బుష్‌లు అరిగితే గుంతల్లోనే కాక, బ్రేకు వేసినప్పుడు, బండి కదిలినప్పుడు కూడా ‘ఠక్’మని ఒక్క దెబ్బ వినిపిస్తుంది.

నింద మాత్రం ఎప్పుడూ షాకబ్జార్బర్ మీదనే పడుతుంది. నిజానికి షాకబ్జార్బర్ పని అయిపోతే కారు ఊగుతుంది, తేలిపోతున్నట్లు నడుస్తుంది, పెద్ద గుంతలో ‘ధన్’మని అడుగంటుతుంది. చిన్న చిన్న రాళ్లపై లొడలొడలాడటం చాలాసార్లు దాని లక్షణం కాదు. కారు మూలను చేత్తో బలంగా నొక్కి వదిలితే ఒకసారి పైకి లేచి నిలకడగా ఆగాలి. రెండు మూడుసార్లు ఊగినా, స్ట్రట్‌పై నూనె కారిన జాడ కనిపించినా అప్పుడు మార్చవచ్చు. మార్చితే కుడి, ఎడమ రెండూ కలిపి మార్చాలి.

అసలు చిక్కు చెవితోనే. కారు బాడీ మొత్తం ఒకే ఇనుప డబ్బా. ఎడమ చక్రం దగ్గర పుట్టిన చప్పుడు రేకుల గుండా ప్రయాణించి డ్రైవరు కాళ్ల కింద వినిపించవచ్చు. అందుకే అనుభవమున్న మెకానిక్‌లు కారును ఒకరితో ఊపిస్తూ, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఒక్కొక్క జాయింటుపై ఆనించి పిడిని చెవికి చేర్చుకుంటారు. వైద్యుని స్టెతస్కోపు చేసే పనే అది. బుష్‌పై వేలు ఆనించినా లోపలి దెబ్బ చేతికి తెలుస్తుంది.

శబ్దం వేళే ఆనవాలు

సస్పెన్షన్ జోలికి వెళ్లకముందు డిక్కీ ఖాళీ చేయడం మంచిది. జాకీ, స్పానర్లు, స్టెప్నీ, బ్యాటరీ క్లాంపు, సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు... వీటిలో ఏది వదులైనా సస్పెన్షన్ చప్పుడునే తలపిస్తుంది. చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడటం అన్నిటికంటే ముందు. గతుకుల దారిలో నెమ్మదిగా వెళుతూ బ్రేకు పెడల్‌పై తేలికగా పాదం మోపినప్పుడు చప్పుడు ఆగిపోతే, అది బ్రేకు ప్యాడ్లదో కాలిపర్‌దో కావచ్చు.

ఆ తరువాత శబ్దం వచ్చే వేళను గమనించాలి. బండి నిలిపి స్టీరింగు తిప్పుతుంటే స్ప్రింగ్ ‘టంగు’మని విదిలించుకుంటే స్ట్రట్ పైనున్న మౌంటింగును, దాని బేరింగును చూడాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి కదులుతున్నప్పుడు ‘టిక్ టిక్’మంటే అది సస్పెన్షనే కాదు, డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. వేగంతోపాటు పెరిగే హోరు వీల్ బేరింగుది. స్పీడ్ బ్రేకరు ఎక్కుతూ దిగుతూ ‘కిర్రు’మంటే ఎండిన రబ్బరు బుష్. ఒక్కొక్క బుష్‌పై కాసిని నీళ్లు చల్లి ఊపితే, ఏది తడిసినప్పుడు కిర్రు ఆగిందో అదే దోషి. నీళ్లకు బదులు ఇంజను ఆయిలో గ్రీజో పూసే అలవాటు కొందరికి ఉంది. ఆ పూట నోరు మూయించినా అది రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది.

జాకీ ఎక్కిస్తే మాయం

షెడ్డులో శబ్దం వినిపించకపోవడానికి కారణం ఉంది. జాకీపై లేపినప్పుడు చక్రం వేలాడుతుంది, జాయింట్లపై ఉండవలసిన బరువు మారిపోతుంది. పైగా ఒక్క పక్కనే లేపితే స్టెబిలైజర్ బార్ మెలిపడి, వదులుగా ఉన్న బుష్‌ను బిగించి పట్టుకుంటుంది. ఆడవలసినది ఆడదు. అందుచేత బార్ బుష్‌లను రెండు చక్రాలూ నేలపై ఉన్నప్పుడైనా, రెండూ సమంగా లేపినప్పుడైనా పరీక్షించాలి. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి దూరడం ఆత్మహత్యా సదృశం. స్టాండ్లు పెట్టి, వెనుక చక్రాలకు అడ్డు వేసిన తరువాతే దిగాలి.

లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపినప్పుడు ఆట కనిపిస్తే, మరొకరిని బ్రేకు నొక్కమనాలి. నొక్కగానే ఆట పోతే వీల్ బేరింగు వదులైనట్లు. పోకుంటే బాల్ జాయింటుపై అనుమానం బలపడుతుంది. లోయర్ ఆర్మ్ కింద ఇనుప లివరు పెట్టి ఎత్తి చూస్తే అది రుజువవుతుంది. చక్రాన్ని అడ్డంగా రెండు పక్కలా పట్టుకొని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్‌నో స్టీరింగు ర్యాక్‌నో చూడాలి.

బాల్ జాయింటు విషయంలో ‘వచ్చే నెల చూద్దాం’ పనికిరాదు. దానిపై ఉన్న రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు బయటికి, నీరూ ఇసుకా లోపలికి పోతాయి. లోపలి బంతి అరిగి అరిగి ఒకనాడు గూడు నుంచి ఊడి వస్తుంది. అప్పుడు చక్రం పక్కకు వాలిపోతుంది, స్టీరింగు చేతిలో ఉన్నా లేనట్లే. ఆట తేలిన కారును హైవే ఎక్కించకుండా అక్కడే నిలిపివేయాలి.

‘తక్కువ తిరిగింది, బుష్‌లు ఎందుకు పోతాయి?’ అని వాదించే యజమానులున్నారు. రబ్బరుకు మీటరు లెక్క ఒక్కటే కాదు, వయసు కూడా ఉంది. బెజవాడ ఎండకు ఏళ్ల తరబడి ఆరుబయట నిలిచిన కారులో రబ్బరు బిరుసెక్కి పగుళ్లిస్తుంది.

కొత్త బుష్ వేసిన కొద్ది నెలలకే మళ్లీ చప్పుడు వస్తే నాసిరకం సరుకే అనుకోనవసరం లేదు. బిగింపులో లోపమూ కావచ్చు. లోయర్ ఆర్మ్ బుష్‌లో లోపలి ఇనుప గొట్టం బోల్టుతో బిగిసిపోతుంది. ఆర్మ్ కదిలిన ప్రతిసారీ మధ్యనున్న రబ్బరే మెలితిరుగుతుంది. చక్రాలు వేలాడుతున్నప్పుడే బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు నేలకు దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. నడిచినా, నిలిచినా ఆ మెలి తప్పదు, త్వరగా చిరుగుతుంది. జాకీపై వదులుగా బిగించి, కారును నేలపైకి దించి, కాస్త ఊపి, బరువు చక్రాలపై ఉండగా చివరి బిగింపు ఇవ్వాలి. షెడ్డులో తొందరపడి వదిలేసే పని ఇదే. యజమాని దగ్గరుండి అడగడంలో తప్పు లేదు. ఆర్మ్, స్ట్రట్, టై రాడ్ వంటివి విప్పిన తరువాత వీల్ అలైన్‌మెంట్ చేయించుకోవాలి, లేకుంటే టైరు ఒక పక్కనే అరిగిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉండి కూడా చప్పుడు ఆగకపోతే, బానెట్ ఎత్తి స్ట్రట్ పైభాగం బిగించిన రేకును, కింద లోయర్ ఆర్మ్ బోల్టులు పట్టిన చోటును మట్టి గీకి, లైటు వేసి చూడాలి. ఉప్పుగాలి తగిలే మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో తిరిగిన కార్లకు అక్కడ తుప్పు పట్టి రేకు చీలుతుంది. ఆ చీలికే తెరుచుకుంటూ మూసుకుంటూ ‘కటకట’మంటుంది. అక్కడ ఎన్ని బుష్‌లు మార్చినా ప్రయోజనం ఉండదు. తుప్పు పట్టిన రేకును కోసివేసి కొత్త రేకు వెల్డింగు చేయగల బాడీ షాపుకు తీసుకువెళ్లవలసిందే.